నాలుగు గంటల ఉదాహరణ

కొత్త విడుదల వచ్చిన ప్రతిసారీ గిజిగాడు వెబ్‌సైటులో కృతజ్ఞతల పేజీ ఒకటి పెడతారు. కోడు రాసినవాళ్ల పేర్లు పైన, ఫొటోలతో సహా. విరాళాలిచ్చిన కంపెనీల గుర్తులు వాటి కింద, రంగురంగులుగా. అట్టడుగున చిన్న అక్షరాల్లో ఒక్క ముక్క: "సహాయ పుటలు దిద్దిన తదితరులకు కూడా." ఆ సహాయ పుటల్లో సగానికి పైగా రాసింది ఒకే మనిషి. కళ్లద్దాల దుకాణంలో బిల్లులు కొట్టే అక్క. ఏళ్ల తరబడి ఆమె పేరు అక్కడ తదితరులే.

గిజిగాడు అంటే ఇక్కడ పిట్ట కాదు. కంప్యూటరుకు పని చెప్పడానికి వాడే ఒక భాష. అది ఎవరి సొత్తూ కాదు. ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు, ఎవరికీ ఏమీ ఇవ్వనక్కర్లేదు. ఆ భాషలో ఏది ఎలా రాయాలో నేర్పే పుటలూ అంతే. చదివే ఎవరైనా తప్పు కనబడితే దిద్దవచ్చు, లేనిది చేర్చవచ్చు. తలా ఒక పోచ తెచ్చి గూడు అల్లుదామని మొదలుపెట్టారు, అందుకే ఆ పేరు. కొన్నాళ్లకు పోచలు తెచ్చేవాళ్లు పలచబడి, గూట్లో కూర్చుని అరిచేవాళ్లు ఎక్కువయ్యారు. పుటలు రాసేవాళ్లకు ఓటు లేదు. ఏ పుట ఎలా ఉండాలో, దేనికి తాళం వేయాలో తేల్చేది కోడు రాసే పెద్దలే. ప్రతి ఉదాహరణ మీదా "ఇందులో అంకెలు కల్పితం, మీ లెక్క మీరు వేసుకోండి" అని చిన్న గడి ఒకటి పెడదామని అక్క ఒకసారి అడిగింది. పుట అందం చెడుతుందన్నారు. ఆ మాత్రం తెలివి చదివేవాళ్లకు ఉంటుందన్నారు. అక్క సరేనంది.

ఇలాంటివి సరేననుకోవడం మన ఇళ్లలో ఆడవాళ్లకు ఉగ్గుపాలతో పోస్తారు. ఆమెకు కాస్త ఎక్కువే పోశారు.

దుకాణంలో బిల్లుల కంప్యూటరు మొరాయించినప్పుడల్లా మెకానిక్కు కోసం ఎదురుచూడలేక ఆమె ఈ భాష నేర్చుకుంది. నేర్చుకునేటప్పుడు పుటలు అర్థంకాక ఏడ్చినంత పని అయింది. అర్థమైన ప్రతిదాన్నీ, తనలాంటి వాళ్లకు అర్థమయ్యేలా తిరగరాయడం అప్పుడే మొదలుపెట్టింది. బేరాలు లేని మధ్యాహ్నాలు, గాజు బీరువాల్లో ఖాళీ ఫ్రేములు వరసగా ఆమె వైపే చూస్తుండగా కౌంటరు మీద కూర్చుని రాసేది. ఇంట్లో అత్తగారికి ఇదంతా ఒక పట్టాన అంతుపట్టేది కాదు. "జీతం లేదు, భత్యం లేదు, ఎవరికమ్మా ఈ వెట్టి?" అని అడిగేది. భర్త మాత్రం నవ్వేవాడు. ఆయన సిటీ బస్సు డ్రైవరు. కృతజ్ఞతల పేజీ సంగతి విన్న రోజు నుంచి ఆమెకు కొత్త పేరు పెట్టాడు. "తదితరులు గారూ, కాస్త మంచినీళ్లు" అనేవాడు.

ఆయనను చూసే ఆమె ఆ ఉదాహరణ రాసింది. పేర్ల వరస తీసుకుని పనులు పంచడం ఎలాగో నేర్పే పుట అది. ఉల్లిపాయలూ బంగాళాదుంపలూ అని రాస్తే ఎవరికి గుర్తుంటుంది? డ్రైవర్లకు డ్యూటీలు వేయడంగా రాసింది. ఒక డ్యూటీ దిగి మరో డ్యూటీ ఎక్కేలోపు విరామం ఎంత అన్నచోట ముందు తొమ్మిది గంటలు అని పెట్టింది. ఎక్కువమంది డ్రైవర్లు కావలసి వచ్చి, ఫలితం పట్టిక తెర దాటి కిందికి జారిపోయింది. నాలుగు అని పెడితే చక్కగా ఒక్క తెరలో ఇమిడింది. నేర్చుకునేవాడి కంటికి సుఖంగా ఉంటుందని నాలుగే ఉంచింది. చివర్లో సరదాకి ఒక వాక్యం అచ్చయ్యేలా చేసింది: "అందరికీ డ్యూటీ పడింది, పిట్టలన్నీ గూటికి చేరాయి." నేర్చుకునేవాళ్లకు ఆ వాక్యం తెగ నచ్చింది. ఆ పుటను ఆ తర్వాత ఎవరూ ముట్టుకోలేదు.

చాలా కాలానికి భర్త పనిచేసే డిపోలో డ్యూటీలు వేసే గుమాస్తా రిటైరయ్యాడు. ఆ కుర్చీలో మరో మనిషిని వేయకుండా కాంట్రాక్టరు చేత కంప్యూటరు పెట్టించారు. సిబ్బంది గదిలో గోడకు తెర బిగించారు. ఎవరి డ్యూటీ ఎప్పుడో అందులో చూసుకోవాలి. నెల తిరక్కుండా ఇంటి తీరే మారిపోయింది.

ఆయన రాత్రి బండి దిగి వచ్చి పక్క మీద వాలేసరికి మళ్లీ పొద్దుటి బండికి వేళయ్యేది. నిద్ర ఎప్పుడు దొరికితే అప్పుడే, పట్టపగలైనా సరే. పడకగది కిటికీకి అట్టముక్కలు అంటించారు. కాలింగ్ బెల్లు తీగ పీకేశారు. కుక్కరు అటకెక్కింది, కూత పెడుతుందని. అత్తగారు వీధి గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చుని, వచ్చినవాళ్లను పెదవుల మీద వేలు పెట్టి వెనక్కి పంపేది. ఉన్నవి రెండు గదులు. ఒకదానిలో ఆయన, రెండోదానిలో చప్పుడు చేయకుండా తిరిగే ఇద్దరు ఆడవాళ్లు. చెంచా కింద పడితే ముగ్గురి గుండెలూ జారేవి. నవ్వే మనిషి నవ్వడం మానేశాడు. అన్నం ముందు కూర్చుని కంచంలోకి చూస్తూ కునికేవాడు. ఇదేం డ్యూటీ అని డిపోలో అడిగితే కంప్యూటరు వేసిందన్నారట. కంప్యూటరుతో ఎవరు దెబ్బలాడతారు?

ఒకరోజు ఆయన అన్నం డబ్బా మరిచిపోయి వెళ్తే, దుకాణానికి పోతూ ఇచ్చిపోదామని అక్క డిపోకి వెళ్లింది. సిబ్బంది గదిలో విరిగిన బెంచీలు, తడి యూనిఫారాల వాసన, ఒక మూల కూర్చునే నిద్రపోతున్న ఇద్దరు కండక్టర్లు. గోడ మీద వెలిసిపోయిన రంగుతో పాత బోర్డు ఉంది: డ్యూటీకి డ్యూటీకి మధ్య కనీస విరామం తొమ్మిది గంటలు. ఆ బోర్డు పక్కనే కొత్త తెర. తెర అడుగున, పట్టిక అయిపోయిన చోట, "అందరికీ డ్యూటీ పడింది, పిట్టలన్నీ గూటికి చేరాయి."

ఆమె డబ్బా బెంచీ మీద పెట్టి, ఆ వాక్యాన్ని మళ్లీ చదివింది.

తన పుటను ఎత్తి తెచ్చినవాడు ఆ వాక్యాన్ని కూడా తీయలేదు. వాక్యాన్నే తీయనివాడు అంకెను మారుస్తాడా? తన ఇంటి కిటికీకి అట్టలు అంటించింది తన నాలుగే.

భర్తకు చెప్పలేకపోయింది. ముందు సరిచేయించి, తర్వాత చెప్పుకోవచ్చులే అనుకుంది. మర్నాడు దుకాణంలో తలనొప్పి అని చెప్పి కాంట్రాక్టరు ఆఫీసుకు వెళ్లింది. మర్యాదస్తుడు. కుర్చీ వేశాడు, కాఫీ తెప్పించాడు. విషయం విని తేలిగ్గా నవ్వాడు.

"మేడమ్, అది అఫీషియల్ డాక్యుమెంటేషను. వందల మంది చూసి ఓకే చేసింది. మేం సొంతంగా ఏం కలపలేదు."

"నేను రాసింది లెక్క నేర్పడానికండీ. మనుషుల మీద వాడమని కాదు."

"మీరా రాసింది?" అతను ఆమెను ఎగాదిగా చూశాడు. "పేరెక్కడా కనబడదే?"

పేరు సంగతి వదిలేయమని, అంకె ఒక్కటి మార్చమని అడిగింది. డిపో మేనేజరు చెబితే మారుస్తానన్నాడు. మేనేజరు ఎందుకు చెబుతాడు? విరామం నాలుగు గంటలైతే తక్కువమంది డ్రైవర్లతో బస్సులన్నీ కదులుతున్నాయి. ఒక్క ట్రిప్పూ రద్దు కావడం లేదని పైవాళ్లు ఆయనకు శాలువా కప్పారు. అంకె పొరపాటున వచ్చిందే కావచ్చు, అక్కడ తిష్ఠ వేసింది మాత్రం పొరపాటున కాదు. ఈ తేడా గమనించకపోతే తప్పంతా యంత్రం మీదకు నెట్టి అందరం చేతులు దులుపుకోవచ్చు.

ఆ వారంలోనే భర్త స్టీరింగు మీద కునికాడు. బస్సు వెళ్లి స్టాపు షెల్టరును కొట్టుకుంది. ఎవరూ చనిపోలేదు. ఎండకు షెల్టరు నీడలో నిలబడిన ఒక ముసలాయన కాలు విరిగింది. డ్రైవరు నిర్లక్ష్యం అని కాగితం మీద రాసి ఆయన్ను సస్పెండ్ చేశారు. విచారణ అన్నారు. అదే రోజు కాంట్రాక్టరు చడీచప్పుడు లేకుండా డిపో కంప్యూటరులో నాలుగును తొమ్మిది చేశాడు. మా కంప్యూటరు మొదటి నుంచీ తొమ్మిది గంటలే ఇస్తోంది, ఈయనే డ్యూటీలు మార్చుకుని అదనంగా తిరిగాడు అన్నాడు మేనేజరు. తెర మీద వచ్చి పోయే పట్టికే తప్ప పాత డ్యూటీల కాగితం ఏదీ లేదు. తోటి డ్రైవర్లకు అంతా తెలుసు. నోరు విప్పడానికి మాత్రం ఎవరి కడుపు వాళ్లకు అడ్డం వచ్చింది.

ఆ సాయంత్రం అక్క ఆయనకు అంతా చెప్పింది. మంచం అంచున కూర్చుని విన్నాడు. అత్తగారు గుమ్మంలో నిలబడి విన్నది.

"అయితే ఇన్నాళ్లూ నన్ను నిద్రలేపింది నువ్వన్నమాట" అన్నాడు చివరికి.

"నేనేనండీ."

"నేను మేనేజరును తిట్టుకుంటున్నా."

"ఇప్పుడూ ఆయన్నే తిట్టండి. గోడ మీద బోర్డు ఆయన కళ్లెదురుగానే ఉంది. నన్ను తర్వాత తిడుదురుగాని."

ఆయన మంచం మీద వెనక్కి వాలి, "తిట్టడానికి కూడా ఓపిక లేదే" అన్నాడు. అత్తగారు కొంగుతో ముఖం తుడుచుకుంది. తిడుతుందని కోడలు తల వంచుకుంది. ఆవిడ, "వాడు తిననన్నా ఇంత పెట్టు. నువ్వూ తిను" అని మాత్రం అంది.

యూనియన్ పెద్దాయన వచ్చాడు. నెరిసిన మీసం, చంకలో ఫైలు. సంగతంతా విని ఆయనకు ప్రాణం లేచొచ్చింది. డిపోలో నాలుగు మాయమైనా ఆ పుటలో నాలుగు ఇంకా ఉంది. అదే వాక్యం ఉంది. సిబ్బంది గదిలో ఆ వాక్యాన్ని చూడనివాడు లేడు. ఈ పుటను దించుకున్నారంటే నాలుగునూ దించుకున్నట్టే. పుటను చివరిసారి ముట్టుకున్నది ప్రమాదానికి ఏళ్ల ముందు. దాని విలువంతా అక్కడే ఉందన్నాడు.

"అమ్మా, విచారణ అయ్యేదాకా ఆ పుట మీద చెయ్యి వేయకు. ఈగను కూడా వాలనివ్వకు."

"పాత ప్రతులన్నీ అందులోనే భద్రంగా ఉంటాయి బాబాయ్. దిద్దినా పాతది ఎక్కడికీ పోదు."

"ఆ ముక్క నీకూ నాకూ తెలుసు. విచారణ ఆఫీసరుకు తెర మీద కనబడేదే లోకం. డ్రైవరు పెళ్లాం నిన్న కూర్చుని రాసుకుందంటే ఏం చేస్తావు? నీ వేలిముద్ర పడితే సాక్ష్యం చెల్లదు."

ఆమె ఒప్పుకుంది. విచారణ వాయిదా పడింది. ఆఫీసరు బదిలీ అయ్యాడు, మళ్లీ పడింది. కొత్త ఆఫీసరు సెలవు పెట్టాడు. అట్టలు తీసేసిన కిటికీ దగ్గర ఆయన కూర్చుని వీధిలో పోయే బస్సుల చప్పుడు వినేవాడు. ఇప్పుడు కావలసినంత తీరిక. నిద్ర మాత్రం రావడం లేదు. కన్ను మూతపడితే షెల్టరు కనబడుతుందన్నాడు. కాలు విరిగిన ముసలాయన్ను చూడడానికి ఆస్పత్రికి వెళ్లాడు, గుమ్మం దాకా పోయి తిరిగొచ్చాడు. అక్క దుకాణంలో రోజూ ఆ పుట తెరిచి చూసుకునేది. తన చేతితో తాను రాసిన పుట. ఎవరైనా దిద్దవచ్చు, ఆమె తప్ప.

పుట అడుగున చదువరులు మాట్లాడుకునే చోటు ఒకటి ఉంటుంది. ఒక మధ్యాహ్నం అందులో కొత్త మాట కనబడింది. ఎవరో, మరో ఊరి నుంచి. "మా డిపోలో డ్రైవర్ల డ్యూటీలకు ఇదే పెడుతున్నాం. వచ్చే వారం మొదలు. ఉదాహరణ అలాగే దించాం, బ్రహ్మాండంగా పనిచేస్తోంది. రాసిన తదితరులకు థాంక్స్."

ఆమె వెంటనే అక్కడే కింద జవాబు రాసింది, ఆ అంకె వాడొద్దని. అతను చూడలేదు. ఇలాంటివాళ్లు ఒకసారి వచ్చి, కావలసింది దించుకుని, థాంక్స్ చెప్పి పోతారు, మళ్లీ రారు. అతని ఊరు ఏదో తెలియదు, డిపో ఏదో తెలియదు. ఒక్కడు చెప్పాడు గనక తెలిసింది. చెప్పకుండా దించుకున్నవాళ్లు ఎందరో? ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. ఆమెకు నూతిలో మొగుడు, గోతిలో ముక్కూ ముఖం తెలియని మరెందరో డ్రైవర్లు.

ఇంటికి వచ్చి ఫోన్‌లో ఆ మాటలు భర్తకు చదివి వినిపించింది. ఆయన రెండోసారి చదవమన్నాడు.

"ఆ ఊళ్లో కూడా కిటికీలకు అట్టలు అంటిస్తారు" అన్నాడు.

"ముట్టుకుంటే మీ కేసు పోతుందని బాబాయ్ చెప్పాడు."

"పోతుందేమో."

"మీ ఉద్యోగం అండీ."

"తెలుసు." కిటికీలోంచి చూస్తూనే అన్నాడు, "నాకు తగిలింది ముసలాయన కాలు. అందరికీ కాలితో పోతుందా? దిద్దెయ్."

అత్తగారు అడ్డం వచ్చింది. లోకాన్ని ఉద్ధరించడానికి మనమే దొరికామా అని అడిగింది. అడిగిన దానిలో న్యాయం ఉంది.

అక్క దిద్దింది. నాలుగు తీసి తొమ్మిది పెట్టింది. పైన గడి కట్టి రాసింది: "ఇక్కడ ఇంతకుముందు ఉన్న నాలుగు నేను కల్పించిన అంకె. పట్టిక తెరలో ఇమడడానికి పెట్టాను. దాన్ని నిజం డ్రైవర్ల మీద వాడారు. దయచేసి వాడకండి. ఇప్పటికే దించుకున్నవాళ్లు మార్చుకోండి." కింద తన పూర్తి పేరు పెట్టింది. అన్నేళ్లలో ఏ పుట మీదా ఆమె పేరు రాసుకోలేదు.

పొద్దున చూస్తే గడి లేదు. పుటల్లో సొంత గొడవలు తగవంటూ కోడు పెద్దల్లో ఒకాయన తీసేశాడు. పట్టిక తెర దాటిపోతోందని తొమ్మిదిని మళ్లీ నాలుగు చేశాడు. ఆమె మళ్లీ పెట్టింది. ఆయన మళ్లీ తీశాడు. ఎందుకు పెడుతున్నానో చర్చలో వివరంగా రాసింది. "అక్కా, మీ బాధ అర్థమవుతోంది, కానీ ఇది భాష నేర్పే పుట, కార్మిక సమస్యలకు వేదిక కాదు" అని జవాబు వచ్చింది. వివాదం తేలేదాకా ఎవరూ దిద్దకూడదని పుటకు తాళం వేశారు. నాలుగు లోపలే ఉండిపోయింది.

విచారణకు పిలుపు ఆ తర్వాత వచ్చింది. యూనియన్ పెద్దాయన పుట తెరిచి చూపించాడు. కాంట్రాక్టరు తన ఫోన్ తీసి, ఆ పుట మీద పడిన చివరి చేతులెవరివో, ఏ తేదీనో చదివాడు. అందులో డ్రైవరు భార్య పేరు ఉంది, పూర్తి పేరు. పాత ప్రతులు చూడండని ఆమె వేడుకుంది. ఎవరైనా దిద్దగలిగే పుట సాక్ష్యం ఎలా అవుతుందని ఆఫీసరు అడిగాడు. అదే పుట డ్యూటీలు వేయడానికి ఎలా పనికొచ్చిందని పెద్దాయన తిరిగి అడిగాడు. ఆఫీసరు వాచీ చూసుకుని మరో తేదీ వేశాడు.

పెద్దాయన ఆమెతో కలిసి బస్సులోనే తిరిగొచ్చాడు. స్టాపులో దిగేటప్పుడు అన్నాడు: "చెయ్యి వేయొద్దన్నాను. నేనే నీ చోట ఉంటే వేసేవాణ్ణేమో, తెలీదు తల్లీ."

ఇప్పుడు పరిస్థితి ఇదీ. భర్త ఇంట్లో ఉన్నాడు. ఆమె దుకాణంలో ఉంది. మేనేజరు తన కుర్చీలో ఉన్నాడు. పుట తాళంలో ఉంది, నాలుగును ఇంకా ఎవరో దించుకుంటూనే ఉన్నారు. తేదీ దగ్గర పడుతోంది.

ఇది చదివి అయ్యో అనుకుని పేజీ తిప్పేయకండి. గిజిగాడు వాడేవాళ్లు మీలో ఉంటే ఆ పుట చర్చలోకి వెళ్లండి, తాళం తీయమని, గడి తిరిగి పెట్టమని మీ పేరుతో రాయండి. చదువరులు తగినంత మంది అడిగితే తాళాన్ని తిరిగి చర్చకు పెట్టాలన్నది పెద్దలు రాసుకున్న నియమమే. వాళ్ల నియమాన్ని వాళ్లకు గుర్తు చేయండి. ఎక్కడి నుంచైనా ఉదాహరణ దించుకునేవాళ్లు, అందులో అంకె ఉంటే అది ఎవరి ఒంటి మీద పడుతుందో ఒక్క నిమిషం చూసి దించండి.

ఆ డిపోలో పనిచేసే అన్నదమ్ములకు ఒక మాట. ఆ తెర మీద మీ డ్యూటీలు మీరు చూశారు, ఎన్ని గంటలకు మళ్లీ బండెక్కారో మీ ఒళ్లు చెబుతుంది. ఒక్కరొక్కరుగా భయమేస్తే, విచారణ రోజున అందరూ కలిసి రండి.

బస్సెక్కే మనమందరమూ చేయగలిగింది ఒకటుంది. రేపు మీ ఊరి డిపో ఆఫీసు కిటికీ దగ్గరికి వెళ్లి, మా డ్రైవరుకు డ్యూటీకి డ్యూటీకి మధ్య ఎన్ని గంటలు ఇస్తున్నారో చెప్పండని కాగితం మీద అడగండి. కంప్యూటరు వేసిందంటే, ఆ కంప్యూటరులో అంకె ఎవరు వేశారో అడగండి. జవాబు కాగితం మీదే ఇచ్చేదాకా ఆ కిటికీ ముందు నుంచి కదలకండి.